పదహైదు మాత్రలు మిగిలినాయి

గుడియాత్తం
2025 జూన్ 2

మా అక్క చావాలని మాత్రలు మింగిందని మీరు రాసినారు. అది అబద్ధం.

రాసింది యాడో కూడా చెప్తాను, వెతుక్కునే పని లేదు. మే పందొమ్మిదిన మీ ‘నెమ్మది’ పరిశోధన కేంద్రం ఇచ్చిన డిశ్చార్జి కాగితం, రెండో పక్క, కింద నుంచి నాలుగో వరుస. పేషెంటు పేరు సుమిత, వయసు ముప్పై ఒకటి. నేను ఆమె చెల్లెల్ని. ఇంగ్లీషులో రాసేస్తే మాకు అర్థం కాదని అనుకునింటారు. తొమ్మిదో క్లాసులో బడి మానేసినదాన్నే. అయినా డిక్షనరీ పక్కన పెట్టుకోని, ఒక్కో మాట కిందా పెన్సిలుతో అర్థం రాసుకుంటా చదివినాను. ‘కావాలనే ఎక్కువ లిథియం మాత్రలు వేసుకున్నందువల్ల మందు విషమించింది’ అని ఉండాది.

ఆ ఒక్క వరుస ఏం చేసిందో మీకు తెలవాల. మా బావ సెల్వకుమార్ జోలార్పేటలో రైలు పట్టాల పని చేస్తాడు, వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. ఆ కాగితాన్ని ఆయన ఆఫీసులో ఎవురితోనో చదివించుకున్నాడు. మరుసటి దినమే వచ్చి, వాళ్ళ బిడ్డ ఆరేళ్ళ మీనాను బడి బ్యాగుతో సహా తీసుకోని వాళ్ళమ్మ దగ్గరికి పోయినాడు. “చావాలనుకునే మనిషి చేతిలో బిడ్డను ఎట్ల పెట్టేది?” అని వాకిట్లో నిలబడి అడిగినాడు. మా అక్కకే అనుమానం వచ్చేసింది. “వేసుకున్నానేమో సెల్వీ, నాకు గుర్తు లేదేమో” అని నాతో అంటా ఉండాది. చదువుకున్నోళ్ళు రాసినారు కాబట్టి తన మీద తనకే నమ్మకం పోయింది.

నాలుగేళ్ళు ఆమె బాగుండింది. అది మీ మందు వల్లే, నేను కాదనను. మందుకు ముందు ఒకసారి మూడు దినాలు కుట్టు మిషను మీద నుంచి లేవకుండా ఇరవై జాకెట్లు కుట్టి, అడగని వాళ్ళకు కూడా వీధి వీధంతా పంచింది. తర్వాత మూడు నెలలు తల దువ్వుకోలేదు. మీరు దానికి బైపోలార్ అని పేరు చెప్పి, లిథియం ఇచ్చి, మీ పరిశోధనలో చేర్చుకున్నారు. ఇప్పుడు ఆ మందు ఆపేసి, పరిశోధనలో పేరు కొట్టేసి, వేరే మాత్ర ఇచ్చి పంపించినారు. అది వేసుకోని గోడ వైపు తిరిగి పడుకోనుంటాది. మళ్ళీ తల దువ్వుకునేది మానేసింది.

ఇప్పుడు లెక్క. ఏప్రిల్ ఇరవైన మీ వాళ్ళు అరవై మాత్రలు ఇచ్చినారు. దినానికి రెండు. ఇరవై ఒకటి పొద్దున మొదలు. మే పదమూడు పొద్దున ఒకటి వేసుకున్నాక చేతులు వణికి, మాట ముద్దయి, వాంతులయ్యి పడిపోయింది. అప్పటికి నలభై ఐదు అయిపోయుండాల, పదహైదు మిగలాల. మాత్రల అట్టలు నా దగ్గరుండాయి. పదహైదు మిగిలినాయి. ఎక్కువ వేసుకునింటే యాడ నుంచి తెచ్చుకునింటాది, మీ మందుల గది గోడకు కన్నం వేసిందా? ఆ అట్టలు తెమ్మని మీ దాంట్లో ఒక్కరైనా అడిగినారా?

తెలుగులో ఎందుకు రాస్తా ఉండానంటే, డాక్టరమ్మా, మీరు అక్కతో తెలుగులో మాట్లాడతారు. మీ ఆఫీసులో కవర్లు చించేవాళ్ళకు తెలుగు రాదు. మా ఇంటి సంగతి వాళ్ళు చదవాల్సిన పని లేదు. నేను లుంగీల కంపెనీలో మూటలు, అదే బేళ్ళు, కడతాను. పలమనేరుకు, మదనపల్లెకు పోయే బేళ్ళ మీద తెలుగులో అడ్రసు రాయాల. ఆ అడ్రసులు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నాను. మా ఇంట్లో అందురూ మాట్లాడేది తెలుగే, చదివేది నేనొక్కదాన్నే. తప్పులుంటే దిద్దుకోండి. మీరు రాసిన తప్పు కంటే చిన్నవే.

ఆ వరుస కొట్టెయ్యాల. మందు మళ్ళీ ఇయ్యాల. పది దినాలు చూస్తాను. పన్నెండో తేదీ దాటితే ఈ అట్టలు పట్టుకోని వచ్చి మీ ఓపీ ముందర కూర్చుంటాను. వచ్చే పోయే ప్రతి మనిషి చేత ఎంచమంటాను.

తమిళ్‌సెల్వి
(పేరు చూసి తమిళమ్మాయి అనుకోవద్దు. మా నాయన పేరు పెట్టే ముందు ఎవురినీ అడగలేదు.)


బాగాయం, వేలూరు
జూన్ 6

తమిళ్‌సెల్వి గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికే సరిపోయింది. పలమనేరులో పుట్టినదాన్నే కానీ, మా అమ్మ పోయాక నాకు తెలుగులో ఉత్తరం రాసినవాళ్ళు లేరు. పన్నెండేళ్ళయింది.

ముందు మీరు అడిగినదానికి జవాబు. ఆ వాక్యం రాసింది ఆ రోజు డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు. కింద సంతకం నాది. చదవకుండా పెట్టలేదు, చదివే పెట్టాను. కాబట్టి ఆయన పేరు మీకు చెప్పను, తప్పు నాది. మందుల గది రిజిస్టరు తెప్పించి చూశాను. అరవై ఇచ్చినట్టే ఉంది. మీ లెక్క సరిపోయింది. అట్టలు అడగాల్సింది. అడగలేదు. రక్తంలో లిథియం ఎక్కువ కనిపిస్తే ఎక్కువ మింగారని అనుకోవడం మాకు అలవాటైపోయింది.

మందు సంగతి మాత్రం పంతం కొద్దీ తేలేది కాదు. రక్తంలో ఆ మందు ఒకటికి లోపల ఉండాలి. మీ అక్క వచ్చిననాడు రెండు దాటింది. మాత్రలు ఎక్కువ వేసుకోకపోతే మరి ఎందుకు పెరిగింది? అది తెలియకుండా మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే జరగొచ్చు, ఈసారి మనిషి దక్కకపోవచ్చు. అందుకని అడుగుతున్నాను. ఆ మూడు వారాల్లో ఒళ్ళు నొప్పులకు వేరే మాత్రలేమైనా వేసుకుందా? విరేచనాలయ్యాయా? ఎండలో తిరిగి నీళ్ళు తక్కువ తాగిందా? తిండిలో ఉప్పు తగ్గించిందా? ఆస్పత్రిలో చేర్చినప్పుడు ‘తిండిలో ఏమైనా మార్పు ఉందా’ అని అడిగితే ‘లేదు’ అన్నారని కాగితంలో ఉంది. జవాబు చెప్పింది ‘చెల్లెలు’ అని రాసుంది. మీరేనా?

సోమవారం తొమ్మిదిన అక్కను పంపండి. టోకెను వద్దు, నా పేరు చెప్పి లోపలికి రమ్మనండి.

రంజని


గుడియాత్తం
జూన్ 10

డాక్టర్ గారికి,

అవును. నేనే.

నిన్న నాకు లీవు దొరకలేదు, అక్కతో అమ్మ వచ్చింది. “నువ్వు ఎక్కువ వేసుకోలేదమ్మా, మేమే తప్పు రాశాం” అని మీరు అక్క మొగం చూసి చెప్పినారంట. బస్సులో ఊరొచ్చేదాకా ఏడ్చిందంట. అమ్మ భయపడి కండక్టరును నీళ్ళడిగిందంట. ఇంటికొచ్చి అక్క దువ్వెన యాడుందని అడిగింది. అది నేను నా చెవులతో విన్నాను.

మీ మీద కోపం పోలేదు. కానీ మీరు అడిగిన నాలుగిట్లో మూడు లేవు, నాలుగోది ఉండాది.

మా ఊర్లో వైకాశి నెల ఒకటో తేదీ, ఈసారి మే పదహైదు, గంగమ్మ శిరసు ఊరేగింపు. అమ్మవారి తల మోసుకోని వీధులంతా వస్తారు. మా ఇంటి ఆడోళ్ళు మొక్కుకుంటే, దానికి ముందు పన్నెండు దినాలు ఒక్కపొద్దు ఉంటారు. ఉప్పు లేని కూడు. మొక్కు తీరేదాకా ఆ మాట బయట చెప్పకూడదు, నోరు జారితే చెల్లదు. నాలుగేళ్ళు అక్క బాగుండాదని అమ్మ మొక్కుకునింది, అక్క ఒక్కపొద్దు పట్టింది. మే మూడున మొదలు, పదమూడున పడిపోయింది. పదకొండో దినం. అందుకే మీవాళ్ళు అడిగినప్పుడు లేదన్నాను. మొక్కు ఇంకా తీరలేదు కాబట్టి ఇప్పుడు కూడా చెప్పకూడదు. అమ్మకు తెలీకుండా రాస్తా ఉండాను.

ఇంకోటుండాది. వండింది నేను. తొమ్మిదో దినం మధ్యాన్నం అక్క, “నాలిక చచ్చిపోయింది సెల్వీ, ఒక్క ఊరగాయ ముక్క పెట్టు” అనింది. నేను జాడీ ఎత్తి అటక మీద పెట్టేసినాను. “నాలుగేళ్ళు అమ్మవారు నిన్ను కాపాడింది, నువ్వు పన్నెండు దినాలు నోరు కట్టుకోలేవా” అన్నాను. అప్పటికే ఆమె చెయ్యి వణకతా ఉండింది. నీరసం అనుకున్నాను.

మీ ఉత్తరం చూసినాక మాత్రల డబ్బాలో మడిచి పెట్టిన కాగితం విప్పినాను. చీమల మాదిరి అక్షరాలు. సగం దినం పట్టింది. ఉప్పు తగ్గించకూడదు అని ఉండాది. నాలుగేళ్ళుగా నెలనెలా ఆ కాగితం మా ఇంటికి వస్తానే ఉండాది, నేను డబ్బా పారేసేటప్పుడు దాన్నీ పారేస్తా ఉన్నాను.

పదహైదు మాత్రలు ఎంచి మీ మీదికి వచ్చినాను. ఇప్పుడు చెప్పండి, అక్కను పడేసింది మీరా నేనా? నిజం రాయండి. ఓదార్పు మాటలు నాకొద్దు.

తమిళ్‌సెల్వి


బాగాయం
జూన్ 14

అమ్మా తమిళ్‌సెల్వీ,

నువ్వు అని రాస్తున్నాను. మా అక్క కూతురికి నీ వయసే ఉంటుంది, నీకున్నంత నోరు మాత్రం లేదు.

ఓదార్పు వద్దన్నావు కాబట్టి జరిగింది చెప్తాను. మన మూత్రపిండాలకు ఉప్పూ లిథియమూ చూడటానికి ఒకే ఇంటి మనుషుల్లాగా ఉంటాయి. ఒంట్లో ఉప్పు బాగా ఉన్నప్పుడు రెండిటినీ కావాల్సినంత బయటికి పంపేస్తాయి. ఉప్పు కరువైతే గాబరాపడి ఉన్నదంతా లోపలే పట్టుకుంటాయి, దాంతోపాటు లిథియాన్ని కూడా. మీ ఊరి మే నెల ఎండకు చెమటలో పోయిన ఉప్పు వేరే. రెండు మాత్రలే ఒంట్లో నాలుగు మాత్రలయ్యాయి.

దీనికి ఎవరిది పూచీ? ఈ మందు మొదలుపెట్టిననాడే ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాల్సిన మాట ఇది. మీ అక్క నాలుగేళ్ళ కిందటి ఫైలు తీశాను. ఉప్పు గురించి చెప్పినట్టు టిక్కు ఉంది. ఏమని చెప్పుంటాం? ‘మామూలుగా ఉప్పు తినండి’ అని. ఒక్కపొద్దు ఉంటారా అని ఎవరూ అడగలేదు. పలమనేరులో మా అమ్మ కూడా ఉప్పు లేని ఒక్కపొద్దులు ఉండేది. అది తెలిసిన డాక్టరు ఆ కేంద్రం మొత్తానికి నేనొక్కదాన్నే, నేనూ అడగలేదు. జాడీ అటక మీద పెట్టినదానికి నువ్వు బాధపడు, తప్పులేదు, అక్క అడిగితే పెట్టుండాల్సింది. కానీ పడేసింది నువ్వు కాదు.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. మొదటి ఉత్తరానికి జవాబు రాసేటప్పుడే చెప్పుండొచ్చు, ధైర్యం చాలలేదు.

ఇరవై రెండేళ్ళుగా కుంగుబాటు మీదా, బైపోలార్ మీదా పని చేస్తున్నాను. ఆరు వందల నలభై మందిని ఏళ్ళ తరబడి చూసి రాసుకున్న రికార్డు నాది. తొమ్మిదేళ్ళ కిందట ఒక వ్యాసం రాశాను. మా ప్రాంతంలో లిథియం విషమించిన కేసులు ఎక్కువగా కావాలని మింగినవే అనీ, అవి ఎండాకాలంలో పెరుగుతాయనీ. ఎందుకు పెరుగుతాయో కూడా నేనే కల్పించాను, ఎండకు మనసు చెదురుతుందనో ఏదో. ఆ వ్యాసానికి మంచి పేరొచ్చింది. చిన్న డాక్టర్లకు పాఠంగా చెప్పాను. మీ అక్క కాగితం మీద ఆ వాక్యం రాసినతను నా విద్యార్థే. చెయ్యి అతనిది, పాఠం నాది.

మూడు రోజులుగా పాత ఫైళ్ళు విప్పుతున్నాను. మే నెలలోనూ, జులై నడుమ మొదలయ్యే ఆడి నెలలోనూ లిథియం పెరిగి వచ్చినవాళ్ళు మీ అక్క కాకుండా పదకొండు మంది. అందరూ ఆడవాళ్ళే. పదకొండు చోట్లా ‘కావాలనే’. పదకొండు చోట్లా ‘తిండిలో మార్పు: లేదు’. అట్టలు ఎంచిన ఫైలు ఒక్కటీ లేదు. ఆగస్టు ఆఖరుకు నా ఉద్యోగం అయిపోతుంది. నీ ఉత్తరం సెప్టెంబరులో వచ్చుంటే శాలువా కప్పించుకుని హాయిగా ఇంటికి పోయుండేదాన్ని.

రక్తపరీక్ష బాగుంది కాబట్టి పన్నెండో తేదీ నుంచి మీ అక్కకు లిథియం మళ్ళీ మొదలుపెట్టాను, సగం మోతాదుతో. వారానికోసారి రక్తం చూస్తాను. వంటలో ఉప్పు ఎప్పటిలాగే ఉండాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. దీంతోపాటు మీ బావకు తమిళంలో ఒక ఉత్తరం పెడుతున్నాను, సంతకం, ముద్ర ఉన్నాయి. ఒంట్లో ఉప్పు తగ్గడం వల్ల జరిగిందనీ, కావాలని చేసుకున్నది కాదనీ, మేమే తప్పు రాశామనీ ఉంది. ఒక్కపొద్దు మాట అందులో రాయలేదు. అది మీ ఇంటి మాట.

రంజని


గుడియాత్తం
జూన్ 24

డాక్టరమ్మకు,

ఆదివారం అక్క, అమ్మ, నేను ముగ్గురమూ జోలార్పేటకు పోయినాము. మీ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా జాకెట్లో దోపుకున్నాను. మా బావ వాళ్ళమ్మ పాపాతి అత్త వాకిట్లో చాట పెట్టుకోని మునగాకు దూస్తా ఉండింది. కూర్చోమని కూడా అనలేదు.

నేను ఉత్తరం గట్టిగా చదివినాను. బావ తల వంచుకోని విన్నాడు. అత్త మాత్రం ఆకు దూస్తానే, “కాగితాలకేమి, నెలకో మాట చెప్తాయి. పోయిన నెల కావాలనే అనింది, ఈ నెల కాదంటాది. వచ్చే నెల కాగితం వచ్చేదాకా బిడ్డ ఈడనే ఉండనీ” అనింది. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచినాను. అక్క నా చెయ్యి పట్టుకోని ఆపింది.

“అత్తా, నేను గంగమ్మకు ఒక్కపొద్దు ఉన్నాను. ఉప్పు లేకుండా.”

అమ్మ అక్క వైపు చూసింది. మొక్కు పోయింది కదా అని ఆ చూపు. అక్క నిలపలేదు.

“ఎన్ని దినాలు?” అనింది అత్త.

“పన్నెండు. పదకొండో దినం పడిపోయినాను.”

అత్త చాట పక్కన పెట్టింది. చేతులు దులుపుకునింది. కొడుకు వైపు తిరిగింది.

“ఏమిరా, పదకొండు దినాలు నోరు కట్టుకున్న మనిషి, ఎల్లుండి శిరసు చూడబోతా ఈ పొద్దు చస్తాదా? చచ్చేదానికైతే ఉప్పు మానేది దేనికి, కడుపు నిండా పులుసన్నం తిని చచ్చుండదా?”

“నాకేం తెలుసమ్మా, డాక్టర్లు రాసినారు” అన్నాడు బావ.

“డాక్టర్లు రాస్తారు. నీ పెండ్లాన్ని నువ్వు అడిగినావా?” అని, నా వైపు చూసి, “ఈ బుద్ధి ఆ ఆస్పత్రిలో ఒక్కరికీ పుట్టలేదా?” అనింది. మీకు చెప్పమని అనలేదు. నేనే చెప్తా ఉండాను.

మీనా లోపల నుంచి వచ్చింది. రెండు జడలు, బిగించి బిగించి కండ్లు చైనా బొమ్మ మాదిరి లాక్కోనుండాయి. “అమ్మా, అవ్వ జడ గట్టిగా వేస్తాది” అనింది. అక్క ఆడనే నేల మీద కూర్చోని రెండు జడలూ విప్పి, వేళ్ళతో చిక్కు తీసి, మళ్ళీ అల్లింది. సాయంత్రం బండికి నలుగురం వచ్చినాము. అత్త మునగాకు కూడా కట్టి ఇచ్చింది, ఉప్పేసి వండుకోమని నాకు నాలుగుసార్లు చెప్పింది.

దావలో అమ్మ అక్కను ఒక్క మాట అనలేదు. దిగేటప్పుడు మాత్రం, “గంగమ్మకు కూడా బిడ్డలుండారు” అనింది. అదే మన్నించినట్టు అనుకోండి.

ఇంక నా కోపం. లుంగీల కంపెనీలో మొదటి ఏడాది నన్ను అద్దకం షెడ్డులో వేసినారు. రంగు తొట్టిలో ఉప్పు తక్కువైతే రంగు నూలుకు పట్టదు, నీళ్ళలోనే నిలిచిపోతాది. మా మేస్త్రి ఒకడు ఉప్పు చూడకుండా, రంగు సరిగా పట్టకపోతే నూలు చెడ్డదని తిట్టేవాడు. కండెలు కండెలు నూలు చెడ్డదని వెనక్కి పంపించినాడు. మీ వ్యాసం గురించి చదివినప్పుడు వాడు గుర్తొచ్చినాడు. మీరు మంచోళ్ళే, ఒప్పుకున్నారు, నాకు ఇంకొకరు అట్ల ఒప్పుకున్నోళ్ళు తెలీదు. కానీ ఆ పదకొండు మందికి ఎవురు చెప్తారు? మా అక్కకు నోరున్న చెల్లెలు ఉండింది. వాళ్ళ బిడ్డలను ఎవురు తీసుకోని పోయినారో? నాకు చెప్పినట్టు వాళ్ళకు చెప్పినారా?

అక్క రాయమంటా ఉండాది, ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను: “డాక్టరమ్మా, నేను బాగుండాను. చెయ్యి వణకలేదు, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. నేను వేసుకోలేదని నాకు ఇప్పుడు తెలుసు. అది తెలిసినాక నిద్ర వస్తా ఉండాది. సెల్వి మిమ్మల్ని ఎక్కువ తిట్టింటే మనసులో పెట్టుకోవద్దు, అది నన్ను కూడా తిడతాది.”

తమిళ్‌సెల్వి


బాగాయం
జులై 1

తమిళ్‌సెల్వీ,

మేస్త్రి పోలిక గట్టిగా తగిలింది. శాస్త్రం ప్రకారం తొట్టికీ మూత్రపిండానికీ పని వేరు, కానీ మనుషుల విషయంలో నూటికి నూరు సరిపోయింది.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు నుంచి వాళ్ళను వెతుక్కుంటూ తిరుగుతున్నాను. ఫోన్లు పెట్టలేదు, నేనే పోయాను. ఎనిమిది మంది దొరికారు, ముగ్గురు ఊళ్ళు మారిపోయారు. ఎనిమిదిమందిలో ఐదుగురు ఆ రోజుల్లో ఉప్పు లేని ఒక్కపొద్దులో ఉన్నవాళ్ళే. ఇద్దరికి గుర్తు లేదు. ఒకామె మాత్రం, “లేదు డాక్టర్, నేను కావాలనే వేసుకున్నాను. ఇప్పుడు అట్ల లేను” అంది. ఆమె గురించి రాసినది నిజమే. నిజం తెలుసుకోవడానికి వచ్చినందుకు ఆమే టీ పెట్టి ఇచ్చింది. పరిశోధన అంటే ఇల్లిల్లూ తిరిగి అడగడమేనని ఉద్యోగం ముగిసే రెండు నెలల ముందు నేర్చుకున్నాను.

పేర్ణాంబట్టులో ఆర్తి అని ఒకామె ఉంది. ఆడి శుక్రవారం ఒక్కపొద్దులో పడిపోయింది, ఎనిమిదేళ్ళ కిందట. అప్పటినుంచి వాళ్ళింట్లో కత్తిపీట బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఉల్లిపాయ కోయాలంటే మామగారిని అడగాలి. ఎనిమిదేళ్ళు, రోజుకు రెండు పూటలా. నేను సంగతంతా చెప్పాక ఆ ముసలాయన లేచి లోపలికి పోయి, బీరువా తెరిచి, కత్తిపీట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “ఇదెక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టమమ్మా” అన్నాడు. ఆమె దాన్ని పొయ్యి పక్కన పెట్టుకుంది. నేను బయటికొచ్చి చెప్పులు కూడా తొడుక్కోకుండా కారు దాకా నడిచాను.

వ్యాసం అచ్చు వేసిన పత్రికకు రాసేశాను. అందులో చెప్పింది తప్పనీ, ఎందుకు తప్పో, ఎంతమంది విషయంలో తప్పో. పంపే ముందు గంటసేపు కూర్చుని ఉన్నాను. పంపాక ఆకలేసింది. చాలా ఏళ్ళ తర్వాత అన్నం రెండోసారి పెట్టించుకున్నానని ఇంట్లోవాళ్ళు వింతగా చూశారు.

మీ అక్క ఫైలులో ఆ వాక్యం చింపలేదు, తుడపలేదు. అడ్డంగా గీత కొట్టి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టాను. తప్పు కూడా కనపడాలి, రేపు చదివేవాళ్ళకు. పేరు మళ్ళీ పరిశోధనలో చేర్చాను. నిన్నటి రక్తపరీక్షలో లిథియం సున్నా పాయింటు ఏడు. ఎక్కడుండాలో అక్కడుంది.

ఒక చిక్కు మిగిలింది, నీ బుర్ర కావాలి. కొత్త ఫారంలో ‘ఒక్కపొద్దు ఉన్నారా’ అని రాయించాను. మొన్న ఓపీలో ఇరవై మందిని అడిగితే ఇరవై మందీ ‘లేదు’ అన్నారు. మొక్కు బయట చెప్పకూడదు కదా. ఎట్ల అడగాలి?

రంజని


గుడియాత్తం
జులై 6

రంజనమ్మకు,

సున్నా పాయింటు ఏడు అని చదివినప్పుడు అక్క మిషను ఆపి, “అంటే మంచిదేనా?” అనింది. మంచిదే అన్నాను. మళ్ళీ మిషను తొక్కింది. మీనాకు బడి యూనిఫారం కుడతా ఉండాది. ఒక్కటే కుడతా ఉండాది, ఇరవై కాదు. అది చూసి నేను అవతలికి పోయి నవ్వుకోని వచ్చినాను.

ఆర్తి కత్తిపీట సంగతి అమ్మకు చదివి వినిపించినాను. మళ్ళీ చదవమనింది.

ఇంక మీ చిక్కు. ఫారం రాసినోళ్ళకు మా మీద ఒక తప్పుడు నమ్మకం ఉండాది, అడిగితే చెప్తామని. నోటితో చెప్తే మొక్కు చెల్లదు, రాసి ఇచ్చినా చెప్పినట్టే. సగం మందికి చదవను రాదు, అది వేరే. కాబట్టి నోరు తెరిచే పని లేకుండా అడగాల. ఈ ఉత్తరంతో ఒక అట్టముక్క పెడతా ఉండాను, మా బేళ్ళ అట్టే. దాని మీద నేను రెండు బొమ్మలు గీసినాను. ఒక పక్క నిండు ఉప్పు జాడీ, ఒక పక్క ఖాళీ జాడీ. మందు ఇచ్చే ముందు ఆడమనిషి ఎవురైనా పేషెంటు ముందర దీన్ని పెట్టాల. అడగకూడదు. ఆమె వేలు యాడ పెడితే అది. ఖాళీ జాడీ మీద వేలు పెడితే రక్తం చూడాల, మందు ఎట్ల చెయ్యాలో మీరు చెప్పాల.

వేలు పెడితే చెప్పినట్టా కాదా అని మాకే అనుమానం వచ్చి, అమ్మను తీసుకోని గుడికి పోయి పూజారిని అడిగినాను. ఆయన అట్టముక్కను తిప్పి తిప్పి చూసి, “నోరు కదల్లేదు కదా, చెల్లుతాది” అన్నాడు. అక్క తీర్చకుండా నిలిచిపోయిన మొక్కు గురించి కూడా అమ్మ అడిగింది. ఒంటి రక్తం పంచుకున్నోళ్ళు ఎవురైనా తీర్చొచ్చంట, ఎట్లాగూ బయటపడిన మొక్కు కాబట్టి ఇంక దాచే పని లేదంట. వచ్చే వైకాశికి ఆ పన్నెండు దినాలు నేను ఉంటాను. నాకు మందుల్లేవు, కోపం తప్ప. అక్క మాత్రం ఊరికే ఉండదంట, పన్నెండు దినాలు బెల్లం మానేస్తాదంట. దానికి ఉప్పు మానేదాని కంటే బెల్లం మానేదే కష్టం.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. ఆడి నెల ఈ జులై పదిహేడున పుడతాది. పద్దెనిమిది మొదటి శుక్రవారం. ఈ చుట్టుపక్కల ఆడోళ్ళు ఎంతమంది ఆ దినం నుంచి ఉప్పు మానేస్తారో నేను ఎంచలేను, వాళ్ళల్లో మీ మాత్రలు వేసుకునేది ఎంతమందో మీకు తెలుసు. ఆ శుక్రవారం లోపల ఈ బొమ్మ మీ కేంద్రంలో ప్రతి టేబుల్ మీద ఉండాల. ప్రతి మాత్రల కవరు మీద నిండు జాడీ అచ్చు వెయ్యాల, చీమల అక్షరాలు కాదు, నా గోరంత పెద్దది. మీరు ఒక దినం మా ఊరికి రావాల. గుడి వెనక మండపంలో ఆడోళ్ళను నేను పోగు చేస్తాను, పాపాతి అత్త కూడా జోలార్పేట నుంచి వస్తానంటా ఉండాది, మీరు రాకుంటే ఆమే మాట్లాడేస్తాది, అప్పుడు మీ ఆస్పత్రి పరువు నా పూచీ కాదు. తెలుగులోనూ తమిళంలోనూ రెండిట్లోనూ చెప్పాల. ఆగస్టు తర్వాత మీ కుర్చీలో ఎవురు కూర్చుంటారో వాళ్ళను కూడా వెంట తీసుకోని రావాల, ఎందుకంటే వాళ్ళ అడ్రసు నాకు ఇంకా తెలీదు.

జవాబు జులై పద్నాలుగు సోమవారం లోపల నా చేతికి రావాల. ‘చూస్తాము’ అని రాయొద్దు. ఏ తేదీ, ఏ బస్సుకు దిగుతారో రాయండి.

తమిళ్‌సెల్వి